కడిగిన చిప్పలు

అమెరికాలోని క్యారీ ఊళ్లో దేవకుమారి వంటగది. పసిఫిక్ దీవిలోని ముత్యాల ఫారం నుంచి నిన్ననే వచ్చిన సుందర్ రాజ్, అక్కడ తనతో పనిచేసే ఆమె తమ్ముడు జూడ్‌ది ఒక బ్యాగు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"పక్కింటి ఫెబీ చర్చిలో అందరికీ చెప్పుకొస్తందంట, మావాడు ఆ దీవిలో ఎవర్నో పెళ్లి చేసుకున్నాడని. అందుకే రావట్లేదంట."

"పెళ్లా? వాడికి గడ్డం గీసుకునే తీరికే లేదక్కా."

"మరి బ్యాగొచ్చింది, మనిషేడి?"

"కాఫీ బాగుంది."

"సుందర్."

"వస్తాడక్కా. ఓడ రెండు నెలలకోసారే. సిగ్నల్ కూడా..."

"నువ్వొచ్చిన ఓడలో చోటు లేదా?"

"ఉంది."

"మరి?"

"ముత్యపు చిప్పలు చచ్చిపోయినయ్యక్కా. నీళ్లు వేడెక్కిపోయినయ్. ఒక పొద్దున చిప్పలు కట్టి దించిన తాళ్లు పైకి లాగితే అన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నయ్. ఆరు వేలు."

"అన్నీనా?"

"ఒక్కోదాని నోరు గోరంత తెరిచి, ముత్యం కట్టడానికి లోపల పూస పెట్టింది వాడే. అంతకంటే తెరిస్తే చచ్చిపోద్ది. ఇంకో నాలుగు నెలలాగితే ముత్యాలు తీసేవాళ్లం. ఓనర్ ఫారం మూసేసి అందర్నీ ఓడెక్కమన్నాడు."

"వాడు అన్నం తింటన్నాడా?"

"అక్కడి ఊరోళ్లు పెడతన్నారు. ఒంట్లో బానే ఉంది."

"ఒంట్లో, అన్నావు."

"అదే... బానే ఉన్నాడు."

"పొద్దున లేచి ఏం చేస్తన్నాడు? అది చెప్పు."

"ఎప్పుడూ చేసేదే. పడవేసుకెళ్లి తాళ్లు లాగుతాడు. చిప్పల మీద నాచు గీకుతాడు, కడుగుతాడు, మళ్లీ నీళ్లల్లోకి దించుతాడు."

"చచ్చిపోయినయ్యన్నావుగా."

"చచ్చిపోయినవేనక్కా. ఉత్త డొప్పలు. వాటినే, నోరు ఎక్కువ తెరుచుకోకుండా పట్టుకుని మరీ."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పా. పెద్దగా మాట్లాడకు, బెదిరిపోతయ్ అన్నాడు."

"ఆ బ్యాగిలా జరుపు."

"అక్కా, ఏడవకు."

"ఏడవట్లేదు. ఈ బ్యాగులో వాడి చొక్కాలన్నీ ఉన్నాయి. టూత్‌బ్రష్ కూడా. ఎవరు సర్దారు?"

"నేనే. ఎలాగైనా ఎక్కించాలని రేవు దాకా లాక్కొచ్చా. తాళ్లు లాగే టైమైందని చెయ్యి విదిలించుకుని పడవెక్కి పోయాడు. ఓడ హారన్ కొడతంది. నాకేమో ఇక్కడ గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూ డేట్. అది మిస్సయితే..."

"పిలిచావా?"

"పిలిచానక్కా. రెండుసార్లు పిలిచా."

"రెండుసార్లు."

"బ్యాగు నా చేతిలోనే ఉండిపోయింది."

"వాడి బట్టలు మోసుకొచ్చావు, వాణ్ణి వదిలేసొచ్చావు."