పళ్ళెంలో చివరి ముక్క

కూర్చో అమ్మాయ్, కాఫీ ఇంకా వేడిగానే ఉంది. ఏంటీ, కింద గుమ్మం పక్కన పలక చదివావా? కవి, అనువాదకుడు వాల్‌ఫ్రిద్ ఇక్కడ నివసించెను అనేగా? నివసించడమేంటి, మా పై వాటాలో ఉండేవాడు. రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చే ఉద్యోగం. సొంత పద్యాలు ఓ పల్చటి పుస్తకంగా వచ్చాయిలే, మొహమాటానికి నేనూ ఒకటి కొన్నాను. ఏ పేజీ తిప్పినా మంచు గురించే. కిటికీ తీస్తే కనపడేదానికి పుస్తకమెందుకే గున్‌వోర్ అని మా ఆయన ఒకటే వేళాకోళం. అసలు మా ఆయనకి చదువంటేనే... సరే, ఆ గోల ఇప్పుడెందుకు. ఎతెల్కా సంగతి చెప్పాలి నీకు. ఆవిడ లేందే ఆయన కథ లేదు.

ఎతెల్కా హంగరీ నుంచి వచ్చింది, అక్కడ గొడవలైన ఏడు. ఈ మేడలోనే ఓ వాటాలో దిగింది. అప్పుడు మా బూరోస్ ఊరి బట్టల మిల్లులకి మనుషులు చాలేవాళ్ళు కాదు. నేను మగ్గాల దగ్గర, ఆవిడ అద్దకం షెడ్డులో. చేతులు మోచేతుల దాకా నీలమే, పండక్కి కూడా వదిలేది కాదు. పద్యాలు రాస్తుందని ఎవరికీ తెలీదు. తెలిసినా ఆ భాష ఇక్కడెవరికి వచ్చు చెప్పు. ఓ రోజు కింద, అందరం వంతులవారీగా వాడుకునే బట్టలుతికే గదిలో, ఎవరూ లేరు కదాని, తన పద్యం పైకే చెప్పుకుంటోందట. వాల్‌ఫ్రిద్ తన వంతు కాకపోయినా గుమ్మంలో నిలబడి విన్నాడు. వేరేవాళ్ళ వంతులో ఆ గదిలో అడుగుపెడితే మనవాళ్ళు ఎంత రభస చేస్తారో నీకు తెలుసుగా. అలాంటిది, అంత మర్యాదస్తుడు, అక్కడే ఉండిపోయాడు.

అప్పట్నుంచీ గురువారం గురువారం ఆవిడ వంటింట్లో చేరేవాళ్ళం. ఆ రోజు ఇక్కడ అందరిళ్ళలోనూ చేసే బఠాణీ సూపు ఎవరింట్లో వాళ్ళం తాగేసి, కాఫీకి అక్కడికి. నన్నెందుకు పిలిచేదంటావా? ఒంటరి ఆడదాని ఇంటికి మగవాడు వస్తే నలుగురూ ఏమంటారోనని. గసగసాలు కూరి చుట్టిన రొట్టె చేసేది, ఇదిగో, ఇదే. ముందు ఆవిడ పద్యం తన భాషలో చెబుతూ గది అంతా తిరిగేది. ఆయన కళ్ళు మూసుకుని బల్ల మీద వేలితో దరువేసేవాడు. ఆ దరువు పట్టుబడ్డాకే అర్థం అడిగేవాడు. తర్వాతి వారం మన భాషలో చదివితే, నాకు ఒళ్ళు ఝల్లుమనేది. ఎలా ఉందండీ నా పద్యం అని ఆవిడ బిక్కుబిక్కుమంటూ అడిగేది. ఆయన, మరీ చెడ్డగా లేదండీ, అనేవాడు. నాకు తప్పుగా అనిపించలేదు, ఇక్కడ మెచ్చుకోవడమంటే అంతేగా. మా ఆయన పెళ్ళికి ముందు నా గురించి అన్నదీ అదే మాట.

ఏళ్ళు గడిచాయి. ఓ రోజు అదే ఉతికే గదిలో ఎతెల్కా తట్ట బోర్లించి దాని మీద కూర్చుని ఏడుస్తోంది. "ఆయన జాలిపడి వస్తున్నాడక్కా. పద్యం నచ్చదు, రొట్టె నచ్చదు. ఎప్పుడూ ఓ ముక్క వదిలేసే పోతాడు. ఇంక నేను చెప్పను, రాయను." ముందు నవ్వొచ్చింది నాకు. ఆవిడ మొహం చూశాక ఆ నవ్వు మింగేశాను. వాళ్ళ ఊళ్ళో ముక్క మిగిలితే వండినదాన్ని అవమానించినట్టట. ఇక్కడేమో చివరి ముక్క మీద చెయ్యి వేసేవాడు ఇంకా పుట్టలేదు.

మెట్ల మీద వాల్‌ఫ్రిద్‌ని నిలేశాను. అది మర్యాద కదా గున్‌వోర్ అన్నాడు పాపం. "నీ మర్యాద పాడుగానూ, ఆవిడ రాయడం మానేస్తోంది" అన్నాను. మనిషి పాలిపోయాడు.

ఆ గురువారం వచ్చాడు. పద్యం లేదు, దరువు లేదు. రొట్టె మటుకు తిన్నాం. పళ్ళెంలో ఒక్క ముక్క మిగిలింది. వాల్‌ఫ్రిద్ చెయ్యి చాపాడమ్మా. గసగసాలు చొక్కా నిండా రాలాయి. మొత్తం తిని, ఆవిడకేసి చూడకుండా పళ్ళెంతో చెప్పినట్టు చెప్పాడు. "మీవి విన్న రోజు నుంచీ నేను నావి రాయలేదండీ. ఇలాంటివి ఉండగా ఇంక నావెందుకు?" ఎతెల్కా లేచి కొత్త పద్యం మొదలుపెట్టింది, గది చుట్టూ తిరుగుతూ. నాకు ఏడుపొచ్చింది, కాఫీ గిన్నె కడిగే వంకతో అటు తిరిగాను.

ఆయన మన భాషలోకి తెచ్చిన ఎతెల్కా పద్యాలు పుస్తకంగా వచ్చాయి. పేపర్లవాళ్ళూ మెచ్చుకున్నారు. ఆ పలక దాని చలవే, మంచు పద్యాలది కాదు. ఆయన పోయినప్పుడు, సమాధి దగ్గర్నుంచి వచ్చి ఆ వంటింట్లోనే కాఫీ తాగాం. రొట్టె ఎతెల్కాయే చేసింది. ఒక్క ముక్క మిగిలితే, కడుగుదామని పళ్ళెం ఎత్తబోయాను. నా మణికట్టు పట్టుకుంది. "ఉండనీ అక్కా. ఇవాళ ఆయన పద్ధతే కానీ."

...

ఆవిడా లేదుగా ఇప్పుడు. నువ్వేంటి, ఇందాకట్నుంచీ ఆ ముక్కకేసి చూసి చూపు తిప్పుకుంటున్నావ్. తీసుకో. ఊఁహూఁ, ఇంటికి పొట్లం కట్టను. నా ఎదురుగా తిను.