పొడి అక్షరాలు

వంటింటి గుమ్మం పక్కన బట్టల సంచీ పెట్టుకుని అత్తగారు స్టూలు మీద కూర్చుంది. కోడలు పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

"ఇవాళ కూడా చప్పిడేనా?"

"వేశానత్తయ్యా, కొంచెం."

"ఎక్కడ వేశావు, డబ్బాలోనా? నాలుక చచ్చిపోలేదమ్మాయ్ నాకు. మిగతావి పోతే పోయాయేమో గానీ నాలుక బాగానే ఉంది."

"మీకేమీ పోలేదు. ఆ సంచీ ఏమిటి?"

"సంచీ సంగతి తర్వాత. సీకేడీ అంటే ఏమిటి?"

"కాస్త జరగండి, పాలు పొంగుతున్నాయి."

"పొంగనీ. సీకేడీ అంటే?"

"ఎక్కడ విన్నారు?"

"ఎక్కడేమిటి, ఈ ఇంట్లోనే! నేను నిద్రపోయాననుకుని హాల్లో కూర్చుని మీ మొగుడూ పెళ్ళాలు ఎక్కాలు అప్పజెప్పుకుంటారు చూడు, అప్పుడు. సీకేడీట, జీఎఫ్ఆర్‌ట, హెచ్‌డీట. తలుపు మూసుకున్నా చెవులు మూసుకోలేను కదా."

"అవి మా ల్యాబు గొడవలత్తయ్యా. పనిలో సంగతులు."

"పనిలో సంగతులకి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తారా?"

"ఎవరేడ్చారు?"

"నేను. సరేనా? నేనే ఏడ్చాను."

"అత్తయ్యా, ఇప్పుడు నాకు డ్యూటీకి టైమవుతోంది..."

"నీ టైము నాకు తెలుసు. కాపరానికొచ్చిన కొత్తలో పాలు పొంగుతుంటే 'స్టాట్, స్టాట్' అని అరిచావు. ఏ కుక్కపిల్లని అదిలిస్తున్నావో అనుకున్నాను. వెంటనే అని అర్థమట! నాకు ఆయాసమొస్తే ఎస్ఓబీ అన్నావు. నోట్లో ఏమీ పెట్టకూడదంటే దానికో మూడక్షరాలు. అన్నీ పొడి అక్షరాలే. మామూలు మాటల్లో చెబితే మీ ల్యాబులో వాళ్ళు కొడతారా? అప్పుడు నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు."

"నాకూ రావడం లేదు."

"అందుకే మందుల షాపాయన్ని అడిగాను."

"ఎవర్ని? ఏమని అడిగారు?"

"సీకేడీ అంటే ఏమిటి బాబూ అని. ఎవరికమ్మా అన్నాడు. మా పక్కింటావిడకి అన్నాను."

"అయ్యో అత్తయ్యా!"

"కిడ్నీలు పాడైపోవడం అన్నాడు. పాపం, పక్కింటావిడ మీద ఎంత జాలిపడ్డాడో! ఆవిణ్ణి ఉప్పు బాగా తగ్గించమనండి, నీళ్ళు కూడా డాక్టరు చెప్పినన్నే తాగమనండి అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, మనింట్లో కూరకి వచ్చిన రోగమేమిటో."

"మీ కిడ్నీలు బాగున్నాయి. నిక్షేపంలా ఉన్నాయి. ఒట్టేసి చెబుతున్నాను."

"బాగుంటే, మోకాళ్ళ నొప్పులని తీసుకెళ్ళి అంత రక్తం ఎందుకు లాగించావు? పైగా డబ్బీ ఇచ్చి మూత్రం పట్టి తెమ్మన్నారు. మోకాలికీ దానికీ ఏమిటమ్మా చుట్టరికం?"

"అన్నీ కలిపి చేస్తారు. ఈ వయసులో అందరికీ చేస్తారు."

"నా వయసుకేం? అరవై కూడా రాలేదు. బావిలో నీళ్ళు తోడమన్నా తోడతాను. లోపల ఇంత పెట్టుకుని పైకి ఇలా గుండ్రాయిలా ఉన్నానేమిటా అని నాకే వింతగా ఉంది."

"గుండ్రాయిలా ఉన్నారు కనకే గుండ్రాయిలా ఉన్నారు! ఎన్నిసార్లు చెప్పాలి?"

"అరవకు."

"అరవడం లేదు."

"వాడు కూడా ఇంతే. ఏరా అంటే అరుస్తాడు, లేకపోతే మొహం తిప్పుకుంటాడు. నాతోపాటు వాడూ చప్పిడే తింటున్నాడు, చూశావా? నీకెందుకురా, నువ్వు ఉప్పేసుకో అంటే, అలవాటైపోయిందమ్మా అంటాడు. నాకు తోడట! చిన్నప్పుడు గిన్నెలో ఉప్పు దొంగతనంగా నాకిన వెధవ! నా బెంగతో ఎలా అయిపోయాడో, మొహంలో రంగే లేదు. పెళ్ళానివి, నువ్వైనా చెప్పద్దూ?"

"ఏం చెప్పమంటారు?"

"మీ అమ్మకేం కాదురా, బెంగ పెట్టుకోకు అని."

"ఆయన... ఆయనకి ఆ సంగతి తెలుసు."

"తెలిస్తే ఎందుకలా ఉన్నాడు? చెప్పవు. నువ్వు చెప్పవు, వాడు చెప్పడు, డాక్టరు ఇంగ్లీషులో నీతో మాట్లాడి నా వైపు చూసి నవ్వుతాడు. నా ఒంట్లో సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. మందుల షాపాయనకి కూడా తెలుసు."

"ఆయనకి తెలిసింది పక్కింటావిడ సంగతి."

"ఎకసెక్కాలా?"

"కాదత్తయ్యా. ఏడవలేక."

"ఏడు. నేను వెళ్ళాక తీరిగ్గా ఏడు. పదకొండింటి బస్సుకి మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాను."

"వెళ్ళిపోవడమేమిటి? ఎన్నాళ్ళకి?"

"ఉన్నన్నాళ్ళకి. అక్కడ ఉప్పేసుకుని తింటాను."

"వీల్లేదు. మీరు ఇప్పుడు ఎక్కడికీ వెళ్ళకూడదు."

"ఎందుకని?"

"వెళ్ళకూడదంతే!"

"అదిగో, అందుకే వెళ్తున్నాను. డోనరు అన్నది కూడా విన్నానమ్మాయ్."

"అత్తయ్యా, అది..."

"అడ్డం రాకు. ఆ మాటకి అర్థం ఎవర్నీ అడగక్కర్లేదు, నాకు తెలుసు. వాడు ఇస్తానంటున్నాడు, అవునా? నువ్వు వద్దనలేక, సరేననలేక చస్తున్నావు. నీ తప్పు లేదు. మొగుణ్ణి కోస్తామంటే ఏ ఆడదానికైనా కడుపు రగులుతుంది. వాడితో చెప్పు, నా బిడ్డ ఒంట్లోంచి గోరు ముక్క కూడా నేను పుచ్చుకోను. కని పెంచింది అందుకు కాదు. ఆ మాట వాడి మొహం మీద చెప్పలేకే, వాడు ఇంట్లో లేనప్పుడు బయల్దేరుతున్నాను."

"ఆ సంచీ అక్కడ పెట్టండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, పెట్టండి."

"నాకు ఆ రోగం ఉందా, లేదా? ఆ ఒక్క మాట చెప్పు, పెడతాను."

"చెప్పకూడదు. ఒట్టు వేయించుకున్నారాయన."

"ఏమని?"

"ప్రాణం పోయినా మీకు తెలియకూడదని."

"చూశావా! ఉందన్నమాట! ఇన్నాళ్ళూ నిక్షేపంలా ఉన్నాయన్నావు!"

"ఉన్నాయి! దేవుడా, ఎలా చెప్పను ఈవిడకి... ముందు నేను వెళ్ళానత్తయ్యా. ఆయనకి చెప్పకుండా, నా కిడ్నీ ఇచ్చేస్తాను తీసుకోండని నేనే వెళ్ళాను. నాది కలవలేదు."

"నువ్వా?"

"కలవదు, పనికిరాదన్నారు. ఎంత బతిమాలానో! రోజూ నా చేత్తో అందరి రిపోర్టులూ ఇస్తాను, నాది ఒక్కటి నాకు అక్కరకి రాలేదు."

"నువ్వు కోయించుకుందామనుకున్నావా? పిచ్చిదానా, ఇటు రా. రోజూ నీతో తగూ పడుతూనే ఉంటాను కదే, నీ వంటకి వంకలు పెడతాను, నువ్వు తుడిచిన చోట మళ్ళీ తుడుస్తాను. నా కోసం నువ్వు..."

"మీ కోసం కాదు!"

"మరి?"

"మీ కోసం కాదత్తయ్యా..."

"మరెవరి కోసమే? ఇటు చూడు. ఎవరి కోసం?"

"మీ రక్తం తీయించింది నేను. ఆయనకి తెలియదు, తెలిస్తే నన్ను చంపేస్తారు. ఆ సీకేడీ, ఆ జీఎఫ్ఆర్, రేపో మాపో మొదలవ్వాల్సిన ఆ హెచ్‌డీ, అదే డయాలసిస్... వాటిల్లో ఒక్క అక్షరం కూడా మీది కాదు. మీ పేరు మీద వచ్చింది ఒక్కటే అత్తయ్యా, ఓ పాజిటివ్ గ్రూపు. ఆయనదీ అదే."