కొత్త టిప్

ఫైనల్ మొదలవడానికి ఇంకా గంట ఉంది. స్నూకర్ క్లబ్ వెనక గదిలో చెల్లెలు తన క్యూ కర్ర బయటికి తీసి, దాని కొన చూసి ఆగిపోయింది. ఇవాళ ఆమె ఆడాల్సింది సొంత అన్న మీదే.

"అన్నయ్యా, నా క్యూకి టిప్ ఎవరు మార్చారు?"

"నేనే. ఆ తోలు బిళ్ళ అరిగి అరిగి అట్టముక్కలా అయిపోయింది. పైన గాజులా నున్నబడితే ఇక రుద్దిన చాక్ పొడి ఏం నిలుస్తుంది? నిన్నంతా బంతి మీంచి జారుతూనే ఉంది, చూశాగా."

"అరిగిందని నాకూ తెలుసు. ఈ ఆట అయ్యాక మార్పిద్దామనుకున్నా. కొత్తది వేస్తే చేతికి కుదరడానికి వారమైనా పడుతుందని నాకు నేర్పింది నువ్వే కదా?"

"నీ మంచికే చేశానే."

"నన్నడక్కుండానా?"

"అడిగితే వద్దంటావని."

"సరే, అంత మంచిదైతే దాంతో నువ్వాడు. నీ క్యూ నాకివ్వు."

"నాది నా చేతికి అలవాటైపోయింది కదమ్మా..."

"నాదీ అంతే కదన్నయ్యా."

అన్న తన క్యూ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మనసు కాస్త కరిగింది. అయినా ముందు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో కొన తిప్పి తిప్పి చూసుకుంది.