మూడు దేశాలకు ఒకే కుర్చీ

ఆస్పత్రి మెట్ల పక్కన బెంచీ. అక్క ఒళ్లో లాప్‌టాప్, తమ్ముడి చేతిలో చల్లారిన టీ. ఎదురుగా నాన్న ఉన్న గది తలుపు ఓరగా వేసి ఉంది.

"నువ్వే చెప్పక్కా. నావల్ల కాదు."

"నేనెందుకురా? డాక్టర్ నీతో కదా మాట్లాడింది."

"నాతో మాట్లాడాడు కాబట్టే కాదంటున్నాను. 'నడుం కింద ఇంక స్పర్శ రాదు, చక్రాల కుర్చీకి అలవాటు పడాలి' అన్నాడు. ఆ ముక్క నోట్లోంచి పెగలట్లేదు. అమ్మ మొహం చూస్తే అసలే రావట్లేదు."

"ముందు నాన్నకి చెప్పాలి."

"నాన్నకా! నాన్నకైతే ఇంకా... అయినా ఇలాంటప్పుడు కూడా ఆఫీసు పనేంటక్కా నీకు?"

"ఇవ్వాళే ఇచ్చెయ్యాలి."

"ఏంటది?"

"ఏదో పేజీలే."

"ఏం పేజీ?"

"ఏదో ఒకటి. నువ్వు టీ తాగు."

"ఇటు తిప్పు. తిప్పక్కా... చక్రాల కుర్చీయా?"

"నేను కోరి తెచ్చుకోలేదురా. నాన్న నిచ్చెన మీంచి పడకముందే నా నెత్తిన వేశారు. ఒకే కుర్చీ, మూడు దేశాల్లో అమ్ముతారు, ఒక్కో దేశానికి దాని భాషలో ఒక ప్రకటన పేజీ. మనది నేను రాయాలి, మిగతా రెండూ అక్కడివాళ్లకి నప్పాయో లేదో చూడాలి."

"ఉన్నది ఉన్నట్టు భాష మార్చేస్తే పోలేదా?"

"పోదు. ఒకచోట ఫొటోలో మనిషి ఒక్కడే ఉండాలి. 'ఎవరి సాయం అక్కర్లేదు' అంటేనే వాళ్లు కొంటారు. ఇంకోచోట అదే మాట రాస్తే, పాపం ఇంట్లోవాళ్లు వదిలేసినట్టున్నారు అనుకుంటారు. అక్కడ వెనకాల కూతురుండి తోస్తుండాలి."

"మరి మన దాంట్లో?"

"మన దాంట్లో 'రోగి' అని ఉంటే కొట్టేసి 'కూర్చునేవారు' అని పెట్టాను. అక్కడితో ఆగిపోయాను. పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాను."

"చూశావా, ఎవరికి ఎలా చెప్పాలో నీకు వెన్నతో పెట్టిన విద్య. అలాగే అమ్మకి ఒకలా, నాన్నకి ఒకలా చెప్పు."

"అమ్మకి ఎలా?"

"కొన్నాళ్లు కుర్చీలో ఉండాలట అని."

"కొన్నాళ్లా?"

"పోనీ, నడక కాస్త ఆలస్యమవుతుందట అను."

"మేం మాటలు మారుస్తాం రా. ఆ కుర్చీ ఎంత బరువు మోస్తుందో మార్చం. కిలోలు పౌండ్లవుతాయి, అంతేగానీ కుర్చీ తేలికవదు. 'కొన్నాళ్లు' అన్నది ఏ భాషలో రాసినా అబద్ధమే."

"అబద్ధమే! అయితే ఏం? జన్మంతా బస్సు తోలిన మనిషక్కా. క్లచ్ తొక్కీ తొక్కీ పిక్క రాయైపోయిందిరా అని మనిద్దరిచేతా నొక్కించుకునేవారు. ఆయన దగ్గరికెళ్లి ఏమని చెప్తాం? 'బ్రేకులు బాగున్నాయి నాన్నా' అనా?"

"అంటే నవ్వుతారేమో."

"నవ్వుతారు. అదే నా భయం."

"నవ్వితే భయమెందుకురా?"

"మొన్న పాదం నొక్కుతుంటే, 'ఇంకొంచెం గట్టిగా నొక్కరా' అన్నారు. అప్పటికే నా బలమంతా పెట్టి నొక్కుతున్నానక్కా."

"ఏడవకు. ఒరేయ్, ఏడవకు. నువ్వేడిస్తే నేనూ..."

"ఏడవట్లేదు."

"అమ్మ బయటికొస్తోంది. మొహం తుడుచుకో."

"ఏంట్రా, అక్కాతమ్ముళ్లిద్దరూ ఇక్కడ చేరారు? ఆ టీ ఏంటి, తాగకుండా అలా పట్టుకున్నావ్?"

"ఏం లేదమ్మా. అక్కకి ఆఫీసు పనుంటే..."

"ఏదీ, చూడనీ. మూసేస్తావేమే? తియ్యి... ఊఁ. కుర్చీ బాగుంది. వెడల్పెంత?"

"ఇది మనక్కాదమ్మా. ఎవరికో... ఆఫీసుది."

"ఎవరిదైతేనేం, వెడల్పు చెప్పు. బట్టలకని ఇంటికెళ్లినప్పుడు బాత్రూం తలుపు కొలిచాను. ఇక్కడి కుర్చీలకైతే బెత్తెడు చాలదు. నీ కుర్చీ పట్టకపోతే మేస్త్రీని పిలిచి గోడ కొట్టించాలి."

"అమ్మా, నీకు..."

"నీకెవరు చెప్పారమ్మా? డాక్టర్ నాతోనే అన్నాడు. నేను అక్కకి తప్ప ఇంకెవరికీ..."

"నీకంటే ముందే మీ నాన్నకి చెప్పాడురా. దాచొద్దు, ఏదైనా తనతోనే చెప్పమని ఈయనే పట్టుబట్టి అడిగారట. జరగండి, మధ్యలో కూర్చోనీ నన్ను."

"నాన్నకి తెలుసా? తెలిసి కూడా... ఏమన్నారమ్మా?"

"ఏమంటారు? పిల్లలిద్దరూ తట్టుకోలేరు, వెళ్లి కాస్త నిదానంగా చెప్పిరా అని నన్ను పంపారు."