ఎల్లాజీ పన్నెండో నెంబరు ఫ్యాను

ఎల్లాజీ అని ఒకడున్నాడు అవతలి పేటలో. వాడికో ఇంజను బోటుంది, బోటుకన్నా పెద్ద నోరుంది. సర్కారోళ్లు చేపల వేట ఆపిన రెండు నెలలూ ఇంట్లో పిల్లలు గంజి తాగి బతికారంట, మొదటి వేట మీదే ఆశంతా. ఏమైందంటే, ఇంజను కింద నీళ్లలో తిరిగే ఫ్యానుంటది చూడండి, దాని రెక్క విరిగింది. కొత్తది కొందామని టౌనుకెళ్లాడు. కొట్టాయన రెండు తీసి పెట్టాడంట. ఇది తొమ్మిదో నెంబరు, నిదానంగా పోద్ది గానీ బరువు లాగుద్ది. ఇది పన్నెండు, ఖాళీ బోటైతే ఉరుకుద్ది, బరువేస్తే ఇంజను ఏడుస్తది. ఎన్ని గంపల చేప ఏస్తావో చెప్పు, ఏది కావాలో నేను చెప్తా అన్నాడు. అంతే, ఎల్లాజీ రెండు చెవులూ మూసుకున్నాడు. వేటకెళ్లకముందే ఎన్ని గంపలని అడుగుతావేంటయ్యా, దిష్టి కాదూ, నోటితో లెక్క చెప్తే వలలో చేప పడుద్దా అన్నాడంట. కొట్టాయన పాపం, సరే చెప్పకు, పదంటే తలూపు, ఇరవయ్యంటే తలూపు అన్నాడు. మనోడు తల కూడా ఊపలేదు. తొమ్మిదికన్నా పన్నెండు ఎక్కువే కదా, ఎక్కువదే ఇయ్యి అన్నాడు. చెప్పులైతే కాలికి సరిపోయే నెంబరే కొంటాడనుకోండి, అక్కడ తెలివికేం తక్కువ లేదు.

తెచ్చి బిగించి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, ఖాళీ బోటు ఏట్లోకి తోశాడు. రయ్యిమని పోయింది. ఒడ్డునున్నోళ్లంతా నోళ్లు తెరిచారు. పెళ్లాం మసేనమ్మ ఒక్కత్తే, మావా, ఇసక మూటలేసి ఒకసారి నడిపి చూడు అంది. ఇసక మొయ్యడానికి నేనేమన్నా లారీ డ్రైవర్నా అన్నాడంట, మహానుభావుడు.

మర్నాడు పొద్దున్నే బామ్మర్ది తాతీలుని ఎక్కించుకుని సముద్రంలోకెళ్లాడు. గంగమ్మ తల్లి చల్లగా చూసింది, వల నిండా కానాగంతలు. అంచుదాకా నింపారు. తిరిగొస్తా మొగ దగ్గరికి చేరారు. ఏరు సముద్రంలో కలిసే చోట అలలెట్టా లేస్తాయో మీకు తెల్సు కదా. అక్కడ ఇంజను మూలుగుద్ది, పొగ కక్కుద్ది, బోటు మాత్రం కదలదు. వెనకనించి కొండంత అల. బావా, మునిగిపోతాం, చేప పారబొయ్యి అని తాతీలు ఒకటే ఏడుపు. నా పిల్లల కూడురా అంటానే ఎల్లాజీ ఒక గంప పారబోశాడు. కదల్లేదు. ఇంకో గంప. కదల్లేదు. ఇంకో గంప. ఆఖరి గంప కూడా పోయాక, అప్పుడు చూడాలి, రయ్యిమని అలెక్కి, పేటలో అన్ని బోట్లకన్నా ముందొచ్చి ఒడ్డుకి తగిలింది.

మసేనమ్మ పరిగెత్తుకొచ్చి లోపలికి తొంగి చూసింది. ఒక్క పొలుసు లేదు. ఇంత పెందలాడే వచ్చావు మావా, కూరేం వండమంటావు అంది. నవ్వకండే! ఆ పిల్లలు ఆ పూట కూడా గంజే తాగారు, తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోద్ది. వాడు మాత్రం ఇప్పటికీ మీసం దువ్వుకుంటా చెప్తాడంట, ఆ రోజు ఒడ్డుకి ఫస్టొచ్చింది నేనేనని.