రోటవేటర్ మీద నిలబడిన మనిషి

నా పేరు చెంచమ్మ. వయసు నలభై రెండు. భర్త మాలకొండయ్య, ఇప్పుడు లేడు. వృత్తి సేద్యం. ప్రకాశం జిల్లా మార్టూరు మండలం చినగుంటపాలెంలో ఉంటాను. ఎస్సై గారు అడిగిన మీదట మా ఇంటి అరుగు మీద కూర్చుని ఈ సంగతులు చెబుతున్నాను.

మా ఆయన, పక్క చేను ఆసామి ఖాదర్ వలి కలిసి 2005లో చిన్న ట్రాక్టర్ కొన్నారు. నడిపేది ఖాదర్ వలి. ఈ ఏడు, అంటే 2007 వేసవిలో, దానికి వెనక తగిలించి మట్టిని గుల్ల చేసే రోటవేటర్ తేవడానికి ఇద్దరూ చిలకలూరిపేట వెళ్ళారు. ఐదడుగులది కావాలని మా ఆయన పట్టుబట్టాడట. అంత బరువు ఎత్తితే మీ బండి ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయని షాపాయన చెబితే మూడడుగులది తెచ్చారు. దానికి పసుపు కుంకుమ పెట్టింది నేనే.

జూన్ పన్నెండో తేదీ ఉదయం తొమ్మిది గంటలకు పత్తి చేలో దుక్కి మొదలుపెట్టారు. నేను గట్టున పత్తి మోళ్ళు కుప్ప వేస్తున్నాను. మాది నల్లరేగడి. వాన చాలక నేలలో పదును లేదు. రోటవేటర్ తేలికది కాబట్టి నేలలోకి దిగకుండా పైపైనే ఎగురుతూ పోయింది. ఇంకో వాన పడనిద్దామని ఖాదర్ వలి అన్నాడు. మా ఆయనకు ఆగడం చేతకాదు. ఆ మొండితనం గురించి రోజూ తిట్టేదాన్ని. ఇప్పుడు తిట్టడానికి కూడా మనిషి లేడు.

ఆయన వెళ్ళి రోటవేటర్ పైరేకు మీద నిలబడ్డాడు. మా వైపు ఎడ్లతో గుంటక తోలేటప్పుడు బరువు కోసం మనిషి దాని మీద నిలబడతాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన అలా నిలబడటం చూస్తూనే ఉన్నాను. అందుకే ఆ రోజు నాకు భయం వేయలేదు. భయం వేయలేదని చెబుతున్నాను, రాసుకోండి.

ఖాదర్ వలి ఇంజన్ ఆపేశాడు. "దిగన్నా, ఇది గుంటక కాదు, కింద కత్తులు తిరుగుతుంటాయి" అన్నాడు.

"ఒరేయ్ ఖాదరూ, మీసాలు రాకముందు నుంచి గుంటక మీద నిలబడ్డోణ్ణిరా. పోనీయ్" అన్నాడు మా ఆయన.

ఖాదర్ వలి బతిమాలాడు. నువ్వు నడపకపోతే నేనే నడుపుతానని, నడపడం రాకపోయినా, మా ఆయన సీటు మీదికి రాబోయాడు. అప్పుడే ఖాదర్ వలి సరేనని నిదానంగా పోనిచ్చాడు. ఆయన మళ్ళీ రేకు మీద నిలబడ్డాడు.

చేను చివర మలుపులో బండి కుదిపింది. ఆయన పంచె చెంగు ట్రాక్టర్‌కూ రోటవేటర్‌కూ మధ్య తిరిగే షాఫ్టుకు చుట్టుకుంది. ఖాదర్ వలి వెంటనే ఆపాడు. వెంటనే అంటే వెంటనే. అప్పటికే ఆయన కింద ఉన్నాడు. ఆయన కేక వేయలేదు. కేక వేసింది ఖాదర్ వలి. తన చొక్కా విప్పి రక్తానికి అడ్డం కట్టాడు. ఆసుపత్రికి చేరకముందే దారిలో ప్రాణం పోయింది.

ఖాదర్ వలి తాగి నడిపాడని మా మరిది యలమందయ్య మీకు ఫిర్యాదు ఇచ్చాడు. నన్నూ అలాగే చెప్పమన్నాడు. అతను ఆ రోజు ఊళ్ళోనే లేడు. ఖాదర్ వలి తాగడు. అన్న పోయిన బాధలో యలమందయ్యకు ఎవరో ఒకరి మీద కోపం కావాలి. నాకూ కోపం ఉంది. అది చనిపోయిన మనిషి మీద. దాన్ని తెచ్చి ఖాదర్ వలి మీద పెట్టలేను.

అతన్ని మీ స్టేషన్లో కూర్చోబెట్టారు. వదిలిపెట్టండి. దుక్కి సగంలో ఆగింది. పదును రాగానే మిగతా సగం అతని చేతే దున్నిస్తాను. గట్టున నేను నిలబడి ఉంటాను. దాని మీద ఎవరినీ ఎక్కనివ్వను.

ఇది ఎవరి బలవంతమూ లేకుండా, కళ్ళారా చూసి చెప్పిన మాట. హెడ్ కానిస్టేబుల్ గారు చదవగా విన్నాను, నిజమని ఒప్పుకుంటున్నాను. నాకు సంతకం వచ్చు. చేయి ఆడటం లేదు, వేలిముద్ర వేస్తున్నాను.

చెంచమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర