పిండిమర

భోజనాల బల్ల మీద అన్నయ్య కంప్యూటర్ విప్పదీసి ఉంది. చెల్లెలు ఫోన్‌లో కొత్త భాగాల ధరలు చూస్తోంది. ఎదురుగా తండ్రి, ఊడదీసిన స్క్రూలన్నీ గిన్నెలో వేస్తున్నాడు.

"గ్రాఫిక్స్ కార్డే సగం డబ్బు మింగేస్తోంది నాన్నా. అది బాగోకపోతే ఆటలు నత్తనడక నడుస్తాయి."

"కొనుక్కో. మిగతావన్నీ వాడివే వాడేయ్."

"పెట్టె బాగానే ఉంది. లోపలి ఫ్యాన్ ఒక్కటి మార్చాలి."

"తిరుగుతోందిగా?"

"తిరగడమా! గరగరా అరుస్తోంది. చప్పుడు చెయ్యనిది ఒకటి చూశాను. ధర కాస్త ఎక్కువే, కానీ నీ కోసమే."

"నా కోసమేంటే?"

"అన్నయ్య గది గోడకి అవతలేగా నీ మంచం. 'ఇంట్లో పిండిమర పెట్టావేంట్రా, నిద్రపోనివ్వవా' అని రోజూ అన్నయ్య మీద ఎగిరేవాడివి. రేపు నా మీదా ఎగురుతావు."

"ఎగిరేవాణ్ణి."

ఒక స్క్రూని గిన్నెలో వెయ్యకుండా వేళ్ల మధ్య తిప్పుతున్నాడు.

"నాన్నా?"

"వాడు పోయాక ఆ గదిలో చడీచప్పుడూ లేదు. కంటి మీద కునుకు పడితే ఒట్టు."

ఆమె ఫోన్‌లో కొనాల్సినవాటిలోంచి కొత్త ఫ్యాన్ తీసేసింది.

"సరే, పాతదే ఉంచుతా. రెక్కల నిండా దుమ్ము పేరుకుంది, దులిపి పెడతాను."

"దులిపితే చప్పుడు తగ్గుతుందా?"

"కాస్త తగ్గుతుంది."

"అయితే దులపకమ్మా."